నల్లరాతి నడవా

2003వ సంవత్సరం. మద్దిలపాలెం బస్ డిపోకి ఎదురు సందులో ఒక మందుల షాపు మేడ మీద నా ఆఫీసు ఉండేది. బోర్డు మీద ఇంటీరియర్ డిజైనర్ అని పెద్దక్షరాలతో రాయించుకున్నాను గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది కర్టెన్లు కుట్టే చోటనుకునే వచ్చేవారు. మిగతా సగం మంది మేస్త్రీ ఉండగా మీరెందుకండీ అని అడిగేవారు. మొదటి రకం వాళ్లకి ఓపిగ్గా చెప్పేదాన్ని, రెండో రకం వాళ్లకి ఓపిక లేకుండా చెప్పేదాన్ని. పని వచ్చు, నోరు అదుపులో ఉండదు అని మావారు నా గురించి చుట్టాల ముందే అనేవారు. అబద్ధమేమీ కాదు.

అప్పుడప్పుడే ఊళ్లో పెద్ద ఇళ్లు లేస్తున్నాయి. పోర్టులో క్లియరింగ్ పనులు చేసేవాళ్లు, స్టీల్ ప్లాంటు కాంట్రాక్టులు చేసేవాళ్లు సముద్రం కనబడే స్థలాలు కొని కట్టుకుంటున్నారు. అందరూ హాలు మీద, పూజ గది మీద ప్రాణం పెట్టేవారు. నా పిచ్చి మాత్రం నడవా. గుమ్మం దాటగానే చెప్పులు విడిచి నిలబడే చిన్న జాగాని మేం ఫోయర్ అంటాం. అక్కణ్నించి లోపలికి తీసుకెళ్లే పొడుగాటి దారి కారిడార్. ఈ రెండూ కలిస్తే మన నడవా. వచ్చిన మనిషి ఆ ఇరవై ముప్ఫై అడుగులు నడిచేలోపే ఇల్లెలాంటిదో తేల్చేసుకుంటాడని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే నాకు పేరొచ్చింది, ఆ పేరు చూసే వెంకట్రావుగారు వచ్చారు.

వెంకట్రావుగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇరవయ్యేళ్ల వయసులో ఉక్కునగరం కట్టేటప్పుడు కూలీలని సప్లై చేసే మేస్త్రీగా వచ్చి, ఇప్పుడు నాలుగు క్రేన్లకి యజమాని అయ్యారు. లాసన్స్ బే కాలనీలో ఇల్లు కడుతున్నారు. మనిషి గట్టిగా మాట్లాడతారు, గట్టిగా నవ్వుతారు, కోపమొస్తే అదీ గట్టిగానే. "మేడంగారూ, బొంబాయిలో పెద్ద హోటల్లోకి అడుగు పెట్టగానే ఎలా ఉంటుందో నాకలా కావాలండి" అన్నారు. అలాంటి క్లయింటు దొరికితే నాలాంటివాళ్లకి పండగే కదా.

ఆయన భార్య రత్నకుమారిగారు. ఆయనకి సొంత అక్క కూతురే. మేనరికం. సన్నగా, పొందిగ్గా ఉండేవారు. మాట తక్కువ. నేను నేల మీద ప్లాన్ పరిచి వివరిస్తుంటే ఆయన వంగి చూసేవారు, ఆవిడ కాగితాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చూసేవారు. పైడమ్మ అని వాళ్లింట్లో పనిచేసే ఆవిడ టీలు తెచ్చి ఇచ్చేది. గాజువాకలో అద్దె ఇంట్లో ఉన్నప్పటి నుంచీ తొమ్మిదేళ్లుగా వాళ్ల దగ్గరే ఉంది. కొత్తింటికి దగ్గరగా ఉంటుందని జాలరిపేట పక్కన గది కూడా తీసేసుకుంది.

నడవా పొడవు ఇరవై ఎనిమిది అడుగులు. ఒక వైపు పడకగదులు, చివర భోజనాల గది, వంటిల్లు. స్థలం వాలు మీద ఉండడం వల్ల మధ్యలో రెండు మెట్లు వచ్చాయి. నేల మొత్తం గెలాక్సీ గ్రానైట్ వేశాను. ప్రకాశం జిల్లాలో దొరికే నల్లరాయి, లోపల మెరుపు చుక్కలుంటాయి. మెట్లకీ అదే రాయి. మామూలుగా మెట్టు అంచుకి వేరే రంగు పట్టీ వేస్తారు. నేల గీత తెగకూడదని నేను అది కూడా వేయలేదు. గోడలకి స్టక్కో చేయించాను. సున్నంలో పాలరాతి పొడి కలిపి, తాపీతో ఇస్త్రీ చేసినట్టు రుద్ది రుద్ది, పైన మైనం పట్టిస్తారు. మీగడ రంగులో నున్నగా మెరిసింది. ఇక లైట్లన్నీ కోవ్ లైట్లే. అంటే ఫాల్స్ సీలింగ్ అంచులో బల్బు దాచేస్తాం, వెలుగు కనబడుతుంది గానీ లైటు కనబడదు. పసుపుపచ్చగా, చల్లగా, సగం చీకటిగా ఉంటుంది. కిటికీ ఒక్కటి కూడా లేని నడవా కాబట్టి పగలైనా అంతే.

రత్నకుమారిగారు నన్ను అడిగినవి రెండే రెండు. నడవాలో ఒక ట్యూబ్‌లైటు, మెట్లకి తెల్లరాయి. అది కూడా ఆయన ఫోన్ మాట్లాడడానికి బయటికెళ్లినప్పుడు అడిగారు. ఆయన తిరిగొచ్చాక నేను అందరికీ వినబడేలా జవాబు చెప్పాను. "ట్యూబ్‌లైటు పెడితే పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల కొట్టులా ఉంటుందండీ." వెంకట్రావుగారు పగలబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వి లోపలికెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. టేస్టు లేని వాళ్లకి నచ్చజెప్పడం కూడా నా వృత్తిలో భాగమే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గృహప్రవేశానికి ఊళ్లో పెద్దవాళ్లంతా వచ్చారు. నడవాలోకి అడుగు పెట్టినవాళ్లు పెట్టినట్టే ఆగిపోయి చుట్టూ చూస్తుంటే నేను ఒక మూల నిలబడి మురిసిపోయాను. ఆ రోజంతా పైడమ్మ రత్నకుమారిగారికి ఒక్కడుగు ముందు నడుస్తూనే ఉంది. పళ్లెం పట్టుకునో, పూలబుట్ట పట్టుకునో. పెద్దింటి దర్జా అంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

నెల తర్వాత నా ఆల్బమ్ కోసం ఫోటోలు తీయించుకోవడానికి వెళ్లాను. కొత్త క్లయింట్లకి చూపించుకునే ఆల్బమ్ అది, మాకదే ప్రాణం. ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ వేయగానే గోడ మీద మరక కనబడింది. పడకగది తలుపు దగ్గర మొదలై వంటింటి వైపు, నడుము ఎత్తులో, లీలగా ఒక చార. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కో గోడా నాలుగు రోజులు రుద్దించిన పని అది. వెంకట్రావుగారికి చూపించాను. మేస్త్రీని పిలిచి మళ్లీ మైనం పట్టించాను. రెండు వారాలకి అదే చోట, అదే ఎత్తులో మళ్లీ చార.

ఈసారి నేను పోలీసు పని కూడా చేశాను. దూదితో తుడిచి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "నూనె ఉందండీ, పసుపు కూడా ఉంది. ఇది వంటింట్లోంచి వచ్చిన చెయ్యి" అన్నాను. ఆ ఇంట్లో వంటపనీ, ఇంటిపనీ చేసేది పైడమ్మే. ఆయన అక్కడికక్కడే కేకేశారు. పైడమ్మ వచ్చి, గోడ వైపు చూసి, తల వంచుకుంది. నువ్వేనా అంటే కాదనలేదు, అవుననలేదు. రత్నకుమారిగారు భోజనాల గది గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. రేపట్నుంచి రావద్దని పైడమ్మకి చెప్పేశారు. తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి చెంగుతో చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. నేను నా బ్యాగు సర్దుకున్నాను. కొంచెం చివుక్కుమంది, కాదనను. అయినా గోడ పాడు చేస్తే ఊరుకుంటారా అని సర్దిచెప్పుకున్నాను.

మూడు వారాల తర్వాత ఫోయర్‌లో ఒక పటం తగిలించే పనుండి వెళ్లాను. మబ్బు పట్టిన మధ్యాహ్నం. వాచ్‌మన్ తలుపు తీసి పోయాడు. ఫోయర్‌లో చెప్పులు విప్పుకోవడానికి నేనే పెట్టించిన బెంచీ మీద కూర్చుని చెప్పు బక్కిల్ తీస్తూ తలెత్తి చూశాను. గోడ మీద చార. మునుపటిలా లీలగా కాదు, అరచెయ్యి వెడల్పున, జిడ్డుగా, ఎవరైనా కావాలని పూసినట్టుంది. పైడమ్మ వెళ్లిపోయి మూడు వారాలైంది కదా, మరి ఇదెవరి చెయ్యి? అలా చూస్తూండగానే పడకగది తలుపు తెరుచుకుంది.

రత్నకుమారిగారు బయటికొచ్చారు. గుమ్మంలో ఒక్క క్షణం నా వైపే తిరిగి నిలబడ్డారు. పన్నెండు అడుగుల దూరంలో నేను ఎదురుగా కూర్చునున్నాను. ఆవిడ నన్ను చూడలేదు. కుడిచెయ్యి గోడకి ఆన్చి వంటింటి వైపు నడిచి, మెట్ల దగ్గర ఆగారు. పాదం ముందుకి జరిపి రాయి అంచుని వేళ్లతో తడిమారు. ఒక మెట్టు దిగి, మళ్లీ తడిమి, రెండోది దిగారు. తన ఇంట్లో తను, ఏటి ఒడ్డున లోతు చూసుకుంటున్నట్టు నడుస్తున్నారు. ఎలా పిలవాలో తెలియక "అమ్మా" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయారు.

లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను. తర్వాత ఆవిడే చెప్పారు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. దీపాలు పెట్టే వేళ దాటితే ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు పగలు కూడా పక్క చూపు తగ్గిపోతోందట, వెలుగు తక్కువైతే ఎదురుగా ఉన్నది కూడా మసకే. పైడమ్మని తోడు తీసుకుని కంటి డాక్టరు దగ్గరికెళితే, అద్దాలతో పోయేది కాదు, ఏటేటా ఇంకొంచెం కుంచించుకుపోతుంది అన్నాడట. పాత ఇళ్లలో ట్యూబ్‌లైట్లు, తెల్లటి గచ్చు. నెట్టుకొచ్చేశారు. తడబడితే కంగారు మనిషి, కింద చూసి నడవడం రాదు అని ఆయన నవ్వేవారట.

"ఆయనకెందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"ఆయన చెడ్డవారు కాదండి. పెళ్లిలో మా అమ్మ దాచేసింది. మా అమ్మంటే ఆయనకి అక్కే కదండి, తల్లి తర్వాత తల్లి. ఇరవై రెండేళ్ల తర్వాత నేను నోరు తెరిస్తే, మీ అక్క మిమ్మల్ని మోసం చేసింది అని చెప్పినట్టు కాదాండి?"

గోడ వైపు చూశాను. ఇన్నాళ్లూ మరక అంత లీలగా ఎందుకుండేదో అప్పుడర్థమైంది. నూనె ఆవిడ తలకి రాసుకునేది, పసుపు పాదాలకి రాసుకునేది. రోజూ పొద్దున్నే ఆయన లేవకముందే పైడమ్మ తుడిచేసేదట. తుడిచేవాళ్లు లేకపోయేసరికి ఈ మూడు వారాల్లో ఇంత మందాన పేరుకుంది. ఆ మనిషిని వెళ్లగొట్టించింది నేను. దూదీ, వాసనా, నా తెలివీ! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడకి ఒక మాటిచ్చాను. తప్పు స్టక్కోదేనని, సముద్రపు గాలి తేమకి మైనం పాళ్లు చెడి మరక పుడుతోందని ఆయనకి నేనే చెబుతాను. నా పేరు పోతే పోనీ. పైడమ్మ తిరిగొస్తుంది, మీ మాట మీ దగ్గరే ఉంటుంది అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్లొత్తుకున్నారు. రెండింటికి వెంకట్రావుగారు భోజనానికొచ్చారు. వచ్చీరాగానే నడవాలోనే నిలబెట్టి నా పాఠం అప్పజెప్పేశాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. విని గోడ మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు. "తేమకి పుట్టే మరక నడుము ఎత్తులోనే పుడుతుందాండి? దూది నా ముక్కు దగ్గర పెట్టి ఇది చేతి మరకని చెప్పింది మీరే కదండి? మీ మాట పట్టుకుని తొమ్మిదేళ్ల మనిషిని గెంటేశాను. ఇప్పుడేమో గాలి అంటున్నారు. నేను చదువుకోలేదు గానీ మరీ ఇంత వెర్రివాణ్ని కాదండి." గొంతు పెరుగుతూ వచ్చింది. నేను ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటున్నాను.

వెనక నుంచి రత్నకుమారిగారి గొంతు వినబడింది. నలుగురిలో ఆయన్ని ఎప్పుడూ ఏవండీ అనే పిలిచేవారావిడ. ఆ రోజు అలా పిలవలేదు.

"మావయ్యా. ఆ చెయ్యి నాది. నాకు కనబడదు."

అంత పెద్ద మనిషి ఆ నల్లటి మెట్టు మీద కూలబడిపోయారు. ఎప్పట్నుంచి అని అడిగారు. చిన్నప్పట్నుంచీ అన్నారావిడ. అక్కకి తెలుసా అని అడిగారు. దానికి ఆవిడ జవాబు చెప్పలేదు, ఆయన మళ్లీ అడగలేదు. అక్క మాట ఆ ఇంట్లో తర్వాత ఎప్పుడైనా వచ్చిందో లేదో నాకు తెలియదు, అది నేను అడగాల్సింది కూడా కాదు. ఆయన కాసేపు తల పట్టుకుని కూర్చుని, లేచి, ఆవిడ పక్కకి వెళ్లి నిలబడ్డారు. "కంగారు మనిషి అని నవ్వేవాణ్ని" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. డిజైనర్‌ని కదా, నా ఏడుపు కూడా వాళ్లకి కనబడకుండా ఫోయర్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఆవిడా నేనూ కారులో పైడమ్మ గదికి వెళ్లాం. వెంకట్రావుగారు వస్తానంటే ఆవిడే వద్దన్నారు, అది భయపడుతుందని. పైడమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుకుంటోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి లేచి, ముందు రత్నకుమారిగారి చెయ్యి అందుకుంది. నా వైపు చూడనైనా చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు. తప్పయిపోయిందని చెప్పాను. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే పని పోయేది కాదు కదా అని కూడా అన్నాను. అప్పుడు చూసింది.

"ఏటని సెప్పాలమ్మా? అమ్మకి సూపు లేదని అయ్యగారికి నాను సెప్పాలా? అది అమ్మ నోటంట రావాల గానీ పనిమనిసి నోటంటనా? నాకేటి, ఇంకో ఇల్లు దొరుకుద్ది. అమ్మ గుట్టు బయటపడితే మళ్లీ దొరుకుద్దా?"

అంత పెద్ద మాటని బియ్యం చేట చేతిలోకి తీసుకుంటూ మామూలుగా అనేసింది. మర్నాటి నుంచి వస్తానంది. అయితే ఒక షరతు పెట్టింది, ఆ నల్లమెట్లు తీయించాలని. తనే రెండుసార్లు పడబోయిందట.

నడవాని మళ్లీ విప్పాను. వెంకట్రావుగారు పెద్ద హోటల్ మాట మళ్లీ ఎత్తలేదు. మెట్లు తీసేసి ర్యాంప్ చేయించాను, అంటే మెట్టు లేకుండా నెమ్మదిగా ఎక్కే వాలు. వాలు మొదలయ్యే చోటా అయిపోయే చోటా గరుకు తెల్లరాయి పట్టీలు వేయించాను. వేళ్లకి తగిలి తెలుస్తుంది. కోవ్ లైట్లు పీకించి, కళ్లల్లో కొట్టకుండా గోడ పొడుగునా తెల్లటి ట్యూబ్‌లైట్లు వేయించాను. నడుము ఎత్తులో రెండు వైపులా టేకు చెక్కతో గుండ్రటి పట్టుకొమ్మ. హ్యాండ్‌రైల్ అంటాం. స్టక్కో ముట్టుకోకుండా చెయ్యి దాని మీద జారుతుంది. ఈసారి ప్రతి కొలతా రత్నకుమారిగారి చెయ్యి పెట్టి తీసుకున్నాను. పనయ్యాక బాగా వచ్చిందనే అనిపించింది. పాఠం నేర్చుకున్నదాన్ని కదా అని నాకు నేనే లోలోపల భుజం తట్టుకున్నాను.

చివరి రోజు అందరం నడవాలో ఉన్నాం. పైడమ్మ ఎవరూ అడగకుండానే కళ్లు మూసుకుని, పడకగది గుమ్మం దగ్గర గోడ మీది కర్ర పట్టుకుని బయల్దేరింది. వాలు దాటింది, పట్టీలు దాటింది. వంటింటి గుమ్మానికి కొంచెం ఇవతల ఆగిపోయింది. చెయ్యి గాలిలో ఉంది. కళ్లు తెరవకుండానే అడిగింది.

"మేడంగారూ, ఇక్కడ కర్ర అయిపోనాది. గుమ్మం ఇంకా రాలేదు. ఈ జానెడు మేర అమ్మ ఏటి పట్టుకుంటాది?"

ఆ జానెడు నేను కావాలని వదిలిందే. ద్వారబంధం చుట్టూ చెక్కుడు పని ఉంది, పట్టుకొమ్మ వెళ్లి దానికి తగిలితే చూడ్డానికి బాగుండదని ముందే ఆపేశాను. ఇంత జరిగాక, అంత సిగ్గుపడ్డాక కూడా, నా చెయ్యి అందం కోసమే గీసింది. రత్నకుమారిగారు ఫరవాలేదండి, జానెడే కదా, నేను అలవాటు పడతాను అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేస్తున్న పని అదే.

మర్నాడు వడ్రంగిని తీసుకొచ్చి ఆ చెక్కుడు పువ్వుల్లో రెండు కోయించి, పట్టుకొమ్మని గుమ్మం దాకా పొడిగించాను. అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ తర్వాత ఎన్నో ఇళ్లు చేశాను. ప్లాన్ గీసే ముందు ఆ ఇంట్లో ఊడ్చేవాళ్లతో, వండేవాళ్లతో ఒక గంట కూర్చుంటాను, ఎవరు ఎక్కడ ఆగుతారో అడుగుతాను. యజమానులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆ నడవాది నా ఆల్బమ్‌లో ఒక్క ఫోటోనే పెట్టుకున్నాను, ఆ అతుకుది. చూసిన ప్రతి క్లయింటూ పని పాడైంది కదండీ అంటారు. అక్కడే బాగుపడిందని చెబుతాను.